జమాఖర్చుల పుస్తకంలో ఒక గుడ్డు

పదకొండేళ్లుగా మా మందిరం లెక్కలు నావి.
నీలం అట్ట పుస్తకం,
దేవుడికొచ్చిన ప్రతి షిల్లింగుకీ
ఒక గీత, ఒక పేరు.

ఇక్కడ మేరు కొండవాలులో
చేతిలో డబ్బాడనివాళ్లు పండింది తెస్తారు:
అరటిగెల, చేమదుంపలు, కాళ్లు కట్టిన కోడిపుంజు.
ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం.
కొన్నవాడికి కూర, దేవుడికి రొక్కం,
తెచ్చినవాడికి నా పుస్తకంలో పేరు.
ఎవరూ నష్టపోని బేరం అనుకునేదాన్ని.

ఆ ఆదివారం ముందు వరస బల్ల తీసేశారు.
డీకన్ మురుంగి ఇంటినుంచి సోఫా వచ్చింది,
అల్లిక గుడ్డ కప్పుకుని
కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ.
పెదవులు చూసి ప్రసంగం వినే చెవిటి కబేరియాని
వెనక గోడకి చేర్చారు.

శుక్రవారం పాస్టరు ముత్విరి నాతో చెప్పిన వాక్యం
ఒంటెదీ సూదిదీ.
శనివారం రాత్రి ఆయన ఫోను మోగింది.
ఆదివారం ఒంటె రాలేదు.
ఇచ్చే చేతిని దేవుడెలా నింపుతాడో
నలభై నిమిషాలు విన్నాం.

అంతకుముందు గంటన్నర ఎదురుచూపు.
సగంలో ఆపిన పాటని
ఎం.పి. బారియూ గారి బూట్లు గడప దాటాక
మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకున్నాం.
అంతసేపూ దేవుడు నిలబడే ఉన్నాడేమో,
కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

కగ్విరియా ఒక గుడ్డు తెచ్చింది.
ఒకటే.
ఎండు అరటాకులో చుట్టి
పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకుని.

మామూలు ఆదివారాల్లో గుడ్డు ఇరవై పలుకుతుంది.
ఎం.పి. గారు రెండు వేళ్లతో పైకెత్తి
"పది వేలు!" అన్నారు.
చప్పట్లు, ఈలలు, గాల్లో ఫోన్లు.
"మళ్లీ వేలం వెయ్యండి" అన్నారు.
ఆయన వెంట వచ్చిన రోడ్డు కాంట్రాక్టరు పదిహేను వేలకి కొని
తిరిగిచ్చేశాడు.
తేయాకు ఫ్యాక్టరీ డైరెక్టరు ఇరవై.
అలా చేతులు మారి మారి
ఆ గుడ్డు మా మందిరానికి పైకప్పు అయింది.
వాగు మీద వంతెన టెండరు కూడా అయింది,
ఆ పద్దు నా పుస్తకంలో లేదు.

పేరు గడి దగ్గర నా కలం ఆగింది.
మురుంగి నా భుజం మీంచి వంగి
"పెద్దాయనది రాయమ్మా, కొంచెం పెద్దక్షరాల్లో."
రాశాను.
బడిలో ముప్ఫై ఏళ్లు దస్తూరీ నేర్పిన చెయ్యి,
అక్షరం వంకర పోలేదు.

మూడు వారాల్లో రేకులు దిగాయి, ఊదారంగువి,
ఆయన పార్టీ రంగు.
అవతలి పార్టీ నాలుగు కుటుంబాలు
వాగు అవతల డేరా మందిరానికి వెళ్లిపోయాయి.
వాళ్లకి వాళ్ల అభ్యర్థి లౌడుస్పీకర్లు కొనిచ్చాడు.
ఇప్పుడు లోయలో ఒకే దేవుడి పేరు
రెండు వైపులనుంచీ ఢీకొంటుంది.

అబద్ధమెందుకు,
ఇదివరకు వానొస్తే బల్లల మధ్య బిందెలు పెట్టేవాళ్లం.
ఇప్పుడు పిల్లలు తడవడం లేదు.
నేనూ పొడిగానే ఉన్నాను.
కాకపోతే వాన గట్టిగా పట్టుకుంటే
రేకుల హోరులో పాస్టరు నోరు మాత్రం కదులుతుంది.
అందరం ఆయన పెదవులకేసే చూస్తాం.
వెనక గోడ దగ్గర కబేరియా ఒక్కడే
నవ్వుకుంటూ ఉంటాడు.

నిన్న అందరూ వెళ్లాక కగ్విరియా వచ్చింది.
"టీచరమ్మా, ఒక్క మాట."
పేరు గురించే అనుకుని
పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.
ఆమె దానికేసి చూడనే లేదు.

"ఆ పూట మనవరాలికి లేదన్నాను.
ఇప్పటికీ అడుగుతోంది.
ఆ గుడ్డు చివరికి
ఎవరు తిన్నారు?"